పేరు రాకముందే గుర్తుపట్టే విద్య

1988లో ‘డాట్స్’ అనే జర్మన్ మాసపత్రిక ఒక చేప ఫొటో అచ్చువేసి దానికి ‘ఎల్-1’ అని నంబరు ఇచ్చింది. ఇళ్లలో గాజు తొట్లు పెట్టుకుని చేపలు, తాబేళ్లు, బల్లులు పెంచుకునేవాళ్లు చదివే పత్రిక అది. ఆ చేప బ్రెజిల్ నదుల్లోంచి వచ్చింది. ముదురు ఒంటి మీద పసుపు చుక్కలు, తెరచాప లాంటి వీపు రెక్క. అప్పటికి దానికి శాస్త్రీయ నామం లేదు. పేరు పెట్టడం శాస్త్రవేత్తల పని కాబట్టి పత్రికవాళ్లు ఆ పని వాళ్లకే వదిలేశారు. తమకు తెలిసింది మాత్రం రాశారు: ఇదిగో చేప, ఇక్కడి నుంచి వచ్చింది, ఇంత ఉంటుంది, ఇలా ఉంటుంది. ఆ తర్వాత ఎల్-2, ఎల్-3 వచ్చాయి. ఇవాళ ఆ వరస 500 దాటింది.

అభిరుచితో చేపలు పెంచేవాళ్లు ప్రపంచానికి ఇచ్చిన పనుల్లో ఇంత శుభ్రమైనది మరొకటి లేదని నా అభిప్రాయం. ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్లు చేసిన పని ఇది.

‘ఎల్’ అంటే లోరికారిడే కుటుంబం. మన ఊళ్లలో అక్వేరియం దుకాణం గడప తొక్కిన ఎవరికైనా ఈ కుటుంబపు చేప ఒకటి తెలిసే ఉంటుంది. గాజుకు నోరు అంటించుకుని కదలకుండా ఉంటుంది. ‘సక్కర్ ఫిష్’ అనో ‘ట్యాంక్ క్లీనర్’ అనో అమ్ముతారు. పెంపకందార్లు కుటుంబం మొత్తాన్నీ ‘ప్లెకో’ అని పిలుచుకుంటారు. మీసాల చేపల్లో ఇదే అతి పెద్ద కుటుంబం, జాతులు దాదాపు వెయ్యి. సహజంగా ఇవన్నీ దక్షిణ అమెరికాలోనూ, దానికి ఆనుకుని ఉన్న పనామా, కోస్టారికాల్లోనూ ఉండే చేపలు. మన జెల్లలకూ వాలుగలకూ ఒంటి మీద పొలుసులుండవు, చర్మం నున్నగా ఉంటుంది. వీటికీ పొలుసులు లేవు గానీ చర్మంలోనే ఎముక పలకలు పుట్టి, వరసలు తీరి, ఒళ్లంతా కవచంలా కప్పుతాయి. ఆ పలకల మీద గరుకుగా తగిలే చిరుముళ్లను సూక్ష్మదర్శిని కింద పెడితే లోపల డెంటీన్ ఉంటుంది, మధ్యలో గుజ్జు ఉంటుంది. మన పంటి కట్టడమే. అంటే ఈ చేపకు నోట్లోనే కాదు, ఒంటి మీద కూడా పళ్లు మొలుస్తాయి. 1758లో లినేయస్ ఈ కుటుంబపు చేప ఒకదాన్ని స్టర్జన్ల ప్రజాతిలో చేర్చాడు. రెంటికీ ఎముక పలకల వరసలు ఉన్నాయి మరి. ఆ రెండు చేపలకూ దగ్గరి చుట్టరికం ఏమీ లేదని తర్వాతివాళ్లు తేల్చారు.

ఈ శరీరం చూస్తూ కూచుంటే పొద్దు తెలియదు. నోరు కింది వైపుకు ఉంటుంది, పెదవులు గుండ్రటి పళ్లెంలా విచ్చుకుంటాయి. ఆ పెదవులతోనే ఉరికే ప్రవాహంలో రాతిని పట్టుకుంటుంది, ఆ నోటితోనే ఊపిరి పీలుస్తుంది. నోరు రాతికి అంటుకుని ఉంటే నీళ్లు లోపలికి ఎలా వెళతాయి? నోటి మూలల్లో మీసం వెనక ఇరువైపులా సన్నటి గాడి ఉంది. నీళ్లు అందులోంచి లోపలికి వెళతాయి, పట్టు సడలదు. కంటికి రెప్ప లేదు. కనుపాపలోకి పైనుంచి ఒక చిన్న తెర వేలాడుతుంది. వెలుతురు ఎక్కువైతే ఆ తెర సాగి పాపను మూస్తుంది, చీకటి పడితే ముడుచుకుంటుంది. పగటి ఎండలో కంటిపాప గుర్రపు నాడా ఆకారంలో కనిపించేది అందుకే. కొన్ని జాతులు నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతే పైకి వచ్చి గాలి మింగి, పొట్టతోనే ఊపిరి తీసుకుంటాయి.

ఇంతటి చేపలు 1980ల్లో యూరప్ దుకాణాల్లోకి కుప్పలుగా వచ్చిపడ్డాయి. అమెజాన్ ఉపనదుల దాకా రోడ్లు పడ్డాయి, విమానాలు తిరిగాయి. ఎవరూ చూడని వాగుల్లోని చేప కొద్ది రోజుల్లోనే జర్మనీ తొట్లో తేలింది. శాస్త్రం అంత వేగంగా నడవదు, నడవకూడదు కూడా. ఒక కొత్త జాతికి పేరు రావాలంటే నమూనాలు మ్యూజియంలో భద్రపరచాలి, ఈనెలూ పలకలూ పళ్లూ లెక్కపెట్టాలి, పాత నమూనాలన్నిటితో పోల్చాలి, రాసినదాన్ని తోటివాళ్లు పరీక్షించాలి. దానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో చేప అమ్ముడుపోతూనే ఉంటుంది, ఎవరికి తోచిన పేరు వాళ్లు తగిలిస్తారు. ‘టైగర్’ అన్న ఒక్క పేరు కింద వేర్వేరు నదుల చేపలు కలిసిపోయాయి. కొన్నవాడికి తన తొట్లో ఉన్నదేమిటో తెలియదు. పక్క ఊరి పెంపకందారుకు ఉత్తరం రాస్తే ఇద్దరూ ఒకే చేప గురించి మాట్లాడుకుంటున్నారన్న నమ్మకం లేదు.

నంబరు పుట్టింది ఆ అవసరంలోంచి. దాని గుణం తెలియాలంటే ఎల్-1 కథే చాలు. 1991లో క్లాడ్ వెబర్ అనే శాస్త్రవేత్త దానికి జోసెలిమాయానస్ అని పేరు పెట్టి గ్లిప్టోపెరిక్తిస్ ప్రజాతిలో ఉంచాడు. కొన్నేళ్లకు ఆ ప్రజాతి వేరుగా నిలబడదని తేలి చేప టెరిగోప్లిక్తిస్‌లో చేరింది. పేరులో ముందు సగం మారింది, ఎల్-1 మారలేదు. మన పొలాల సంగతీ ఇంతే కదా, పట్టాదారు పేర్లు తరతరానికీ మారతాయి, సర్వే నంబరు అలాగే ఉంటుంది. ఆ నంబరు భూమి ఎవరిదో చెప్పదు, ఏ చెక్కో చెబుతుంది. ఎల్ నంబరు కూడా చేప ఏ జాతిదో చెప్పదు. ఏ చేప గురించి మాట్లాడుతున్నామో చెబుతుంది.

దీన్ని మరిచిపోయి ఎల్ నంబరంటే జాతి అనుకునేవాళ్లు చాలామంది. ఎల్-1 చేపే ఎల్-22 అన్న నంబరుతో ఇంకోసారి వచ్చింది. ‘గోల్డ్ నగెట్’ అని దుకాణాల్లో పేరుపడ్డ చేప అయితే నాలుగుసార్లు: ఎల్-18, ఎల్-81, ఎల్-85, ఎల్-177. నల్లటి ఒళ్లు, బంగారు చుక్కలు, వీపు రెక్కకూ తోకకూ పసుపు అంచు. బ్రెజిల్‌లోని షింగూ నదీ వ్యవస్థలో వేర్వేరు చోట్ల పట్టిన చేపల్లో చుక్కలు ఒకచోట చిన్నవి, ఒకచోట పెద్దవి. పసుపు అంచు ఒకచోట వెడల్పు, ఒకచోట సన్నం. 2011లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు ఈ నాలుగూ ఒకే జాతి అని తేల్చి బారియాన్‌సిస్ట్రస్ శాంతెల్లస్ అని పేరు పెట్టారు.

పత్రిక నాలుగుసార్లు పొరబడిందని కొందరంటారు. నాకు అది పద్ధతిలోని బలంగానే కనిపిస్తుంది. వేరుగా రాసిపెట్టినవాటిని ఒకటని తేలాక కలపడానికి ఒక్క వాక్యం చాలు. ఒకటిగా కలిపి రాసేసినవాటిని తర్వాత విడదీయాలంటే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఆధారమే మిగలదు. అందుకే నాలుగు నంబర్లూ ఇంకా పనిచేస్తున్నాయి. జాతి ఒకటే అయినా ఎల్-177ను ఎల్-18తో జతకట్టించకుండా, ఏ చోటి చేపల్ని ఆ చోటివాటితోనే పెంచే జాగ్రత్తపరులు ఉన్నారు. నంబరు లేకపోతే ఆ జాగ్రత్తకు చోటే లేదు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది ఎల్-200. వెనెజువెలాలో ఒరినోకో ఎగువ భాగపు చేప అది, ఆకుపచ్చ ఒంటి మీద లేత చుక్కలు. అంగడి పేరు ‘గ్రీన్ ఫాంటమ్’. ఆ ఒక్క నంబరు కింద ఏళ్ల తరబడి రెండు చేపలు తిరిగాయి. రంగు ఒకటే, ఊరు ఒకటే, ఒకే బుట్టలో పడేవి. శ్రద్ధగల పెంపకందార్లు మాత్రం కొన్నిటికి వీపు రెక్క పెద్దదని గమనించి వాటిని ‘హై-ఫిన్’ అని వేరుగా చెప్పుకునేవారు. 2005లో వచ్చిన ఒక్క వ్యాసంలో రెంటికీ పేర్లు వచ్చాయి: ఒకటి హెమియాన్‌సిస్ట్రస్ సబ్‌విరిడిస్, రెండోది బారియాన్‌సిస్ట్రస్ డెమాంటాయిడిస్. జాతులే కాదు, ప్రజాతులే వేరు. తేడా ఎక్కడుందంటే వీపు రెక్క చివర. చాలా మీసాల చేపలకు వీపు రెక్క వెనక, తోకకు ముందు, చిన్న కొవ్వు రెక్క ఒకటి ఉంటుంది. డెమాంటాయిడిస్‌లో వీపు రెక్క చివరి ఈనె దాటి పల్చటి పొర సాగి ఆ కొవ్వు రెక్కను తాకుతుంది. సబ్‌విరిడిస్‌లో రెంటి మధ్య ఖాళీ ఉంటుంది. చుక్కలు చూసినా తెలుస్తుంది: డెమాంటాయిడిస్‌కు అవి ఒంటి ముందు భాగానికే పరిమితం.

రంగు మీద కన్ను నిలిచినవాడికి ఆ ఖాళీ కనబడదు. ఈ విద్యలో మొదటి పాఠం ఇదే, కష్టమైనదీ ఇదే. రంగు భయపడితే మారుతుంది, వయసుతో మారుతుంది, తొట్టి అడుగున పోసిన ఇసుకను బట్టి కూడా మారుతుంది. ఈనెల లెక్క మారదు. పొట్ట మీద పలకలున్నాయా, చర్మం బోసిగా ఉందా. చెంప మీది ముళ్లు బయటికి తెరుచుకుంటాయా. పళ్లు ఎన్ని, ఏ ఆకారం. వీపు రెక్క ఎక్కడ ముగుస్తుంది: చూడవలసినవి ఇవి. మంచి గుర్తింపు ఫొటో ఎలా ఉండాలో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, గాజుకు అంటుకున్నప్పుడు పొట్ట వైపు నుంచి ఒకటి. వీపు రెక్క ముడుచుకుని ఉంటే ఆ ఫొటో అందంగా ఉన్నా సగం పనికే వస్తుంది.

పద్ధతి మంచిదైతే పక్కవాళ్లూ తీసుకుంటారు. ‘దాస్ అక్వేరియం’ అనే మరో జర్మన్ పత్రిక ‘ఎల్‌డీఏ’ నంబర్లు మొదలుపెట్టింది. ఇసుకలో ముక్కు దూర్చి తిరిగే చిన్న కోరిడోరస్ చేపలకు ‘సి’ నంబర్లు వచ్చాయి, తర్వాత ఇంగ్లండ్‌కు చెందిన ఇయాన్ ఫుల్లర్ చొరవతో ‘సీడబ్ల్యూ’ నంబర్లు వచ్చాయి. కోరిడోరస్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఒకే వాగులో, ఒకే గుంపులో, అచ్చం ఒకే చారల చేపలు ఈదుతుంటాయి; కొన్నిటి ముక్కు పొట్టి, కొన్నిటిది పొడుగు. 2011లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం ఇవి వేర్వేరు వంశాలు. ముళ్లతో గుచ్చే చేపలు కాబట్టి, అన్నీ ఒకే వేషం వేసుకుంటే వేటాడే చేప ఒక్కసారి నేర్చుకున్న పాఠం అందరినీ కాపాడుతుంది. ముక్కు తేడా వల్ల తిండి దగ్గర పోటీ తగ్గుతుంది. 2024లో శాస్త్రవేత్తలు ఆ ప్రజాతిని విడగొట్టారు. దుకాణాల్లో అందరికీ తెలిసిన కోరిడోరస్ పాలియేటస్ ఇప్పుడు హోప్లిసోమా పాలియేటమ్. లేబుళ్లన్నీ తిరగరాసుకోవాలి, సి నంబర్లను ఎవరూ ముట్టుకోనక్కర్లేదు.

గుర్తుపట్టడం పుస్తకాల పని అనుకోకూడదు. చేప తిండి దాని మీదే ఆధారపడి ఉంది. అన్‌సిస్ట్రస్ ప్రజాతి ప్లెకో నోరు తెరిచి చూడండి: దువ్వెన పళ్లలా సన్నగా, దగ్గరగా, వరసకు డజన్ల కొద్దీ. రాతి మీది పాచిని గీకడానికి పుట్టిన పళ్లు అవి. పేగు కూడా చుట్టలు చుట్టలుగా పొడుగు. దానికి ఆకుకూర, దోసకాయ, పాచి బిళ్లలు కావాలి. పనాకే ప్రజాతికి పళ్లు కొద్దిగానే ఉంటాయి గానీ చెంచా ఆకారంలో, గట్టిగా ఉంటాయి. దుంగను చెక్కి తింటుంది. ఇది చెదపురుగులా కలపను అరిగించుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. 2009లో డోనవన్ జర్మన్ అనే శాస్త్రవేత్త వాటి పేగుల్ని పరీక్షించి, కలప వాటిలో నిలవకుండా కొన్ని గంటల్లోనే బయటికి పోతుందనీ, అసలు పోషణ కలపతోపాటు లోపలికి వెళ్లే కుళ్లిన పదార్థం నుంచీ సూక్ష్మజీవుల నుంచీ వస్తుందనీ చూపించాడు. అయినా దుంగ లేని తొట్లో పనాకేను పెట్టకూడదు, గీకడం దాని బతుకు. ఇక హైపాన్‌సిస్ట్రస్ ప్రజాతి. వీటికి కింది దవడ పళ్లు తక్కువ. ఇవి ప్రధానంగా మాంసాహారం మీద మొగ్గు చూపే చేపలు. పాచి తింటాయని నమ్మి రోజూ దోసకాయ ముక్క వేసి వదిలేస్తే ఆకలితో చిక్కిపోతాయి. ‘సక్కర్’ అన్న ఒక్క మాట కింద ఈ మూడింటినీ అమ్మినప్పుడు కొన్నవాళ్ల తొట్లలో ఏమవుతుందో వేరే చెప్పాలా?

మన దుకాణాల్లో ఆ మాటకు అర్థం దాదాపు ఎప్పుడూ టెరిగోప్లిక్తిస్. వేలెడు పిల్లగా కొంటారు. అది అడుగున్నర దాకా పెరుగుతుంది. దీన్ని పోల్చుకోవడం కుటుంబం మొత్తంలోనే సులువు. వీపు రెక్క విప్పినప్పుడు ఈనెలు లెక్కపెట్టండి. హైపోస్టోమస్ వంటి చాలా ప్లెకోలకు ముందరి ముల్లు తర్వాత ఏడే ఉంటాయి. పదీ అంతకు పైనా ఉంటే అది టెరిగోప్లిక్తిస్. తర్వాత పొట్ట చూడండి. చుక్కలు విడివిడిగా ఉంటే పార్డాలిస్, కలిసిపోయి మెలికల గీతలయితే డిస్‌జంక్టివస్. రెండూ కలిసిన సంకరాలూ ఉన్నాయి కాబట్టి ఈ రెండో మెట్టు మీద గట్టిగా ఒట్టు పెట్టుకోవడం కుదరదు.

పెద్దదయ్యాక తొట్లో పట్టక దీన్ని తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు. మన జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునే చేప ఇదే. వల్లో పడితే ముళ్లు వలను చీలుస్తాయి, గట్టున బొరియలు తవ్వుతుంది, కవచం వల్ల మన చేపలేవీ దాన్ని సులభంగా తినలేవు. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు నీటిలో కలిసిన డీఎన్ఏ జాడను బట్టి ఈ చేప ఉనికి కనిపెట్టే పరీక్ష తయారుచేశారు. తూర్పు కనుమల్లో వాళ్లు పరీక్షించిన నీటి వనరుల్లో సగానికి పైగా చోట్ల దాని జాడ దొరికింది. చేపను కంటితో చూడకుండా, గుక్కెడు నీళ్లతో గుర్తుపట్టడం: ఇది కూడా ఎల్ నంబరు వెనకున్న ఓపిక లాంటి ఓపికే. చెరువులో వదలడం ఏ పరిస్థితిలోనూ సరికాదు, దుకాణానికి తిరిగి ఇవ్వాలి. పాచి తినే చేపే కావాలనుకునేవాళ్లు అన్‌సిస్ట్రస్ తెచ్చుకుంటే సరిపోతుంది. అరచేతికి మించి పెరగదు, మన బోరు నీళ్ల కాఠిన్యాన్నీ చాలావరకు ఓర్చుకుంటుంది. మగదానికి ముక్కు మీద కొమ్మల్లా కండ తంతువులు మొలుస్తాయి. అవి గూట్లో ఉన్న పిల్లల్ని పోలి ఉండి, ‘ఈ మగవాడు ఇప్పటికే పిల్లల్ని సాకుతున్నాడు’ అన్న భ్రమను ఆడదానికి కలిగిస్తాయని 1999లో ముగ్గురు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు.

ఇక ఎల్-46. ప్లెకో అభిరుచి ఉన్నవాళ్ల గొంతు ఈ నంబరు దగ్గర మారుతుంది. మహా అయితే 8 సెంటీమీటర్ల చేప. తెల్లటి ఒంటి మీద నల్లటి చారలు, ముక్కు నుంచి తోక దాకా ఒంటి పొడవునా కాస్త వాలుగా నడుస్తాయి. రెక్కల మీద మాత్రం అడ్డంగా తిరుగుతాయి. ఫొటో అచ్చవగానే ప్రపంచం దాని వెంటపడింది. 1991లో ఆమ్‌స్టర్‌డామ్ జంతుశాస్త్ర మ్యూజియానికి చెందిన ఇస్‌బ్రూకర్, నైసెన్ దానికోసం ఒక కొత్త ప్రజాతినే ఏర్పరచి హైపాన్‌సిస్ట్రస్ జీబ్రా అని పేరు పెట్టారు. చారల తీరు వేరుగా ఉన్న అదే చేప ఎల్-98గా కూడా నమోదైంది.

ఈ చేప ప్రపంచంలో ఒక్కచోటే ఉంది: బ్రెజిల్ పారా రాష్ట్రంలో, ఆల్టమీరా పట్టణం దిగువన షింగూ నది పెద్ద వంపు తిరిగే వోల్టా గ్రాండే. నూరు కిలోమీటర్లకు పైగా సాగే రాతి నేల, ఉరకలు, రాళ్ల మధ్య చీలికలు. నీళ్లు తేటగా, వెచ్చగా ఉంటాయి. ఆ చీలికల్లో, వెలుతురు చేరని చోట బతికే చేపను తొట్లో గుడ్లు పెట్టించాలంటే పెంపకందారు ఆ చీలికను తయారుచేయాలి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ గూటి కొలత. మట్టితో కాల్చిన గొట్టం లేదా పలకరాళ్లు అతికించిన పెట్టె, ఒక పక్క మూసి ఉండాలి. వెడల్పు మగచేప రెక్కలు చాస్తే గోడలకు తగిలేంతే. గూడు వదులుగా ఉంటే ఆడది లోపలికి వచ్చినా మగది దాన్ని లోపలే నిలుపుకోలేదు. గూడు ఒంటికి సరిపోతే మగది ద్వారానికి అడ్డంగా నిలిచి, గుడ్లు పెట్టేదాకా ఆడదాన్ని బయటికి పోనివ్వదు. గూటి నోరు ఎటు ఉండాలి, ప్రవాహం దాన్ని ఎంత దూరంలో తాకాలి అన్నవాటిని సర్దుకుంటూ పోవడమే మిగతా పని.

ఒక కాన్పుకు 10 నుంచి 15 గుడ్లు, పెద్దవి, నారింజ రంగువి. వాటిని మగదే కాపాడుతుంది. తోకతో, రెక్కలతో విసురుతూ నీళ్లు కదిలిస్తుంది, తిండి దాదాపు మానేస్తుంది. సుమారు వారానికి గుడ్లు చిట్లి పిల్లలు బయటికి వస్తాయి. పొట్ట కింద సొన సంచితో మరో పది రోజులకు పైగా తండ్రి దగ్గరే ఉంటాయి. నీళ్లు 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. విజయవాడ ఎండాకాలంలో హీటరు లేకుండానే ఆ వెచ్చదనం వచ్చేస్తుంది గానీ నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. ఉరకల్లో పుట్టిన చేపకు అది ప్రాణాంతకం. కరెంటు పోతే బ్యాటరీ మీద నడిచే గాలి పంపు ఉండి తీరాలి. పిల్లలు మెల్లగా పెరుగుతాయి, పెద్దవి కావడానికి రెండు మూడేళ్లు. మగదేదో ఆడదేదో అప్పటికి గానీ నిక్కచ్చిగా తెలియదు: మగదానికి తల వెడల్పు, చెంపల మీదా రొమ్ము రెక్క ముల్లు మీదా వెంట్రుకల్లా పొడుగైన ముళ్లు, పైనుంచి చూస్తే ఆడదాని పొట్ట గుండ్రం.

2004లో బ్రెజిల్ ఈ చేపను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. పట్టడం, ఎగుమతి చేయడం నిషిద్ధమయ్యాయి, దొంగ రవాణా సాగుతూనే ఉంది. పెద్ద దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. షింగూ మీద 11,233 మెగావాట్ల బెలో మోంటే జలవిద్యుత్ కేంద్రం కట్టారు; 2015 చివర్లో జలాశయం నింపి, 2016లో టర్బైన్లు తిప్పడం మొదలుపెట్టారు. నదిని కాలువలోకి మళ్లించడంతో వోల్టా గ్రాండేకు రావలసిన నీళ్లలో 80 శాతం దాకా పక్కకు పోతాయి. అంటే జీబ్రా ఇల్లంతా ఆ ఎండిపోయే వంపులోనే ఉంది. 2017లో బ్రెజిల్ అభ్యర్థనతో, ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందపు మూడో అనుబంధంలోకీ, 2022లో పనామా సమావేశంలో రెండో అనుబంధంలోకీ చేప ఎక్కింది. నదిలో పట్టినవాటి వ్యాపారానికి కోటా సున్నా.

దానివల్ల తొట్లలో పుట్టిన చేపలకు మాత్రమే దారి మిగిలింది. ఈ పిల్ల తొట్లోనే పుట్టిందని చూపించడం ఇప్పుడు పెంపకందారు పని. ఎల్-46ను సంకరం కాకుండా తరాల తరబడి నిలబెట్టిన జాగ్రత్తపరుల పుస్తకాలు చూస్తే ఆ పనికి వాళ్లు ముందే సిద్ధపడినట్టు ఉంటుంది: తల్లిదండ్రుల నంబరు, అవి ఏ దుకాణం ద్వారా ఏ ఏడు వచ్చాయో, గుడ్లు పెట్టిన తేదీ, పుట్టిన పిల్లల లెక్క, మిగిలిన పిల్లల లెక్క, ఒక్కో పిల్ల చారల ఫొటో రెండు పక్కల నుంచీ. హైపాన్‌సిస్ట్రస్ ప్రజాతిలో చారల చేపలు ఇంకా చాలా ఉన్నాయి. ఎల్-66, ఎల్-333 లాంటివి ఒకే తొట్లో పెడితే జీబ్రాతో జతకట్టగలవు, పుట్టిన పిల్లలు చూపుకు అందంగానే ఉంటాయి. అందుకే ఆ పుస్తకాల్లో ప్రతి తొట్టికీ ఒక్క నంబరే ఉంటుంది, నంబరు తెలియని చేపకు ఆ తొట్లో చోటుండదు.